తాళం తీసింది దొరే.. దూరింది దొంగ!

* స్మార్ట్‌ఫోన్ ‘రూటింగ్’, ‘జైల్‌బ్రేక్’ వెనుక కథ
* ఒకప్పుడు తెలుగు అక్షరం కోసం.. మరి ఇప్పుడు దేనికోసం?
* పాత ఫోను కొనేవారు తప్పక తెలుసుకోవాలి

బెంగళూరు: సాయంత్రమైతే ఎస్పీ రోడ్డులో కాలు పెట్టే సందుండదు. అసలు పేరు సదర్ పత్రప్ప రోడ్డు. అంత పొడుగు పేరు పలికే తీరిక ఇక్కడ ఎవరికీ లేదు. వైరు ముక్క నుంచి కంప్యూటర్ దాకా దొరకని వస్తువుండదు. కన్నడం, తమిళం, ఉర్దూ, హిందీ మధ్య మన మాటా గట్టిగానే వినిపిస్తుంది. హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు ఎందరో. ఫోన్లు బాగుచేసే ఏ కౌంటరు దగ్గరైనా కాసేపు నిలబడితే ఇలాంటి మాటలు చెవినపడుతుంటాయి.

‘‘అన్నా, ఫోను బాగానే ఉంది. బ్యాంకు యాప్ మాత్రం తెరుచుకోవట్లేదు. ఈ ఫోను సురక్షితం కాదంటోంది.’’

‘‘ఎక్కడ కొన్నావప్పా?’’

‘‘సెకండ్‌హ్యాండే. రూంలో ఉండే ఫ్రెండు అమ్మాడు.’’

‘‘అదీ సంగతి. దీన్ని ఎవరో రూట్ చేసినారు.’’

కొన్నవాడికి అర్థం కాదు. తాళం తీసింది అతను కాదు. ఎప్పుడు తీశారో, ఎందుకు తీశారో తెలియదు. కానీ జీతం పడే ఖాతా, ఇంటికి డబ్బు పంపే యాప్, ఓటీపీలు అన్నీ ఆ ఫోనులోనే. ఇంతకీ ఏమిటీ రూటింగ్? తాళం తీస్తే ఏమవుతుంది? చూద్దాం.

మూడు తాళాలు.. మూడు సంగతులు

‘ఫోన్ అన్‌లాక్ చేయబడును’ అని బోర్డు కనిపిస్తే అన్నీ ఒకటే అనుకుంటాం. కాదు. స్మార్ట్‌ఫోనుకు మూడు రకాల తాళాలుంటాయి. మొదటిది సిమ్ తాళం. ఫలానా కంపెనీ సిమ్ తప్ప మరొకటి పనిచేయకుండా వేసేది. రెండోది తెర తాళం. మనం పెట్టుకునే పిన్ను, వేలిముద్ర. మూడోది కంటికి కనిపించదు. ఫోనును నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌కు తయారీదారు వేసిన తాళం. ఈ మూడోదాన్ని దాటడాన్నే ఆండ్రాయిడ్‌లో రూటింగ్ అంటారు. ఐఫోన్‌లో జైల్‌బ్రేక్ అంటారు. అంటే జైలు గోడ దూకడమన్నమాట.

గుమ్మం గుమ్మానికీ కాపలా

కోటకు ఒకదాని వెనుక ఒకటిగా గుమ్మాలున్నాయనుకోండి. ప్రతి గుమ్మం దగ్గరా కాపలాదారు ఉంటాడు. లోపలికి వచ్చేవాడి చేతిలో రాజముద్ర ఉన్న పత్రం చూశాకే తలుపు తీస్తాడు. ఫోను ఆన్ చేసిన క్షణం నుంచి జరిగేది ఇదే.

మొట్టమొదట మేలుకునేది బూట్‌రామ్. ఇది ఫ్యాక్టరీలోనే చిప్‌లో అచ్చు వేసేసిన చిన్న ప్రోగ్రాం. తర్వాత ఎవరూ మార్చలేరు. ఇది బూట్‌లోడర్ అనే తర్వాతి ప్రోగ్రాం మీద కంపెనీ డిజిటల్ సంతకం ఉందో లేదో చూస్తుంది. బూట్‌లోడర్ ఆ తర్వాతి కెర్నెల్‌ను పరీక్షిస్తుంది. కెర్నెల్ అంటే ఫోనుకు గుండెకాయ. అన్ని సంతకాలూ సరిపోయాకే తెర మీద బొమ్మలొస్తాయి.

లోపలికి వచ్చాకా కట్టుదిట్టమే. ప్రతి యాప్‌కూ ఒక గది. ఆండ్రాయిడ్‌లో ఒక్కో యాప్‌కు ఒక్కో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఆటల యాప్ బ్యాంకు యాప్ గదిలోకి తొంగి చూడలేదు. బ్యాంకు యాప్ ఫొటోల గదిలోకి వెళ్లాలంటే మనల్ని అడగాలి. ఈ గదులన్నిటికీ కలిపి ఒకే ఒక తాళంచెవి ఉంటుంది. దాని నంబరు సున్నా. దాని పేరే రూట్. ఆ తాళంచెవి ఫోను కొన్న మనకు కూడా ఇవ్వరు. రూటింగ్ అంటే దాన్ని చేజిక్కించుకోవడమే.

దారులు రెండు. ఒకటి రాచబాట. కొన్ని కంపెనీలు అడిగితే బూట్‌లోడర్ తాళం తీయనిస్తాయి. అయితే తీసిన మరుక్షణం ఫోనులోని సమాచారమంతా చెరిగిపోతుంది. అది శిక్ష కాదు, రక్షణ. కొట్టేసిన ఫోను తాళం తీసి దొంగ మన ఫొటోలు, మెసేజ్‌లు చూడకుండా పెట్టిన ఏర్పాటు. రెండోది దొడ్డిదారి. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడో మిగిలిపోయిన లోపాన్ని పట్టుకుని దూరడం.

ఒక్క చిల్లు చాలు

ఆ చిల్లులు ఎలా ఉంటాయో వింటే నవ్వొస్తుంది. ప్రపంచంలో తొలి ఆండ్రాయిడ్ ఫోను ‘జీ1’ 2008లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. కొద్దివారాలకే ఓ వినియోగదారు ఎవరితోనో చాటింగ్ చేస్తూ ‘రీబూట్’ అన్న ఇంగ్లిషు మాట టైప్ చేశాడు. అంతే.. ఫోను ఆగిపోయి మళ్లీ ఆన్ అయింది! కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరమూ తెర వెనుక రూట్ అధికారంతో ఆజ్ఞగా అమలవుతోందని అప్పుడు బయటపడింది. వెంటనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు.

2010 నాటి మరో లోపం ఇంకా చిత్రం. డ్యూటీ అయ్యాక తాళాలు ఆఫీసులో అప్పగించి ఇంటికెళ్లాల్సిన వాచ్‌మన్ ఉన్నాడనుకోండి. ఆఫీసు జనంతో కిక్కిరిసి లోపలికి వెళ్లలేకపోయాడు. అప్పగించానో లేదో చూసుకోకుండా తాళాలతోనే తిరిగేస్తున్నాడు. ఆండ్రాయిడ్‌లో ఒక సేవా ప్రోగ్రాం సరిగ్గా ఇదే చేసింది. మొదట రూట్ అధికారంతో మొదలై, తర్వాత దాన్ని వదులుకోవాలి. వేరే ప్రోగ్రాంలను కుప్పలుగా పుట్టించి చోటు లేకుండా చేస్తే వదులుకోవడం కుదరదు. కుదిరిందో లేదో అది సరిచూసుకోలేదు. అలా రూట్ అధికారం దానికే ఉండిపోయింది. ఆ రోజుల్లో చాలా ఫోన్లను రూట్ చేసింది ఈ కిటుకుతోనే.

ఐఫోన్‌లో 2010లో వచ్చిన ‘జైల్‌బ్రేక్‌మి’కి కేబుల్ కూడా అక్కర్లేదు. ఒక వెబ్‌పేజీ తెరిచి తెర మీద వేలు జరిపితే చాలు. పీడీఎఫ్ ఫైలులోని ఫాంట్‌ను చదివే చోట ఉన్న లోపం అందుకు దారి ఇచ్చింది. జనం సంబరపడ్డారు. నిపుణులు మాత్రం ఉలిక్కిపడ్డారు. వెబ్‌పేజీ తెరిస్తేనే గోడ కూలుతుంటే.. ఆ పేజీ దొంగ పెట్టిందైతే?

సూట్‌కేసులో వచ్చిన ఐఫోన్

బెంగళూరుకు ఈ తాళాల గోల తెచ్చింది ఐఫోనే. 2007 జూన్ 29న అమెరికాలో విడుదలైంది. అక్కడ ఒకే ఒక్క టెలిఫోన్ కంపెనీ సిమ్‌తో పనిచేసేలా తాళం వేశారు. మన దేశంలో అమ్మకం లేదు. ఇక్కడి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఆగుతారా? ఆన్‌సైట్‌కు వెళ్లొచ్చినవారి సూట్‌కేసుల్లో ఐఫోన్లు దిగాయి. అయితే తాళం తీయకపోతే అది ఖరీదైన అద్దం ముక్క.

ఆ ఏడాది ఆగస్టులో న్యూజెర్సీకి చెందిన 17 ఏళ్ల జార్జ్ హాట్జ్ ఫోను విప్పి, సోల్డరింగ్ చేసి సిమ్ తాళం తీశాడు. ఆ ఫోను ఇచ్చి బదులుగా ఒక కారు, మూడు కొత్త ఐఫోన్లు పుచ్చుకున్నాడు. కొద్దిరోజులకే సోల్డరింగ్ అక్కర్లేని సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. తాళం తీయడం ఒక వ్యాపారంగా మారింది. 2008 ఆగస్టు 22న ఐఫోన్ 3జీ మన దేశంలో అధికారికంగా అడుగుపెట్టింది. 8 జీబీ ఫోను ధర రూ.31 వేలు. అమెరికాలో ఒప్పందంతో 199 డాలర్లకే ఇస్తుంటే ఇక్కడ ఇంత ధరా అని జనం నోరెళ్లబెట్టారు. సూట్‌కేసు ఫోన్లకు గిరాకీ తగ్గలేదు.

కాలం ఎలా తిరిగిందో చూడండి. 2017లో ఐఫోన్ ఎస్ఈ మోడల్‌ను బెంగళూరు పీణ్యలోనే బిగించడం మొదలైంది. ఆ తర్వాత కోలారు జిల్లా నరసాపురలో ఫ్యాక్టరీ వచ్చింది. సూట్‌కేసులో దిగిన ఫోను ఇప్పుడు మన పక్క ఊళ్లో పుడుతోంది.

తెలుగు అక్షరం కోసం

రూటింగ్ అంటే అంతా అల్లరి పనే అనుకోకండి. మన భాష కోసమూ చాలామంది చేశారు.

2009లో హెచ్‌టీసీ మ్యాజిక్‌తో మన దేశంలోకి ఆండ్రాయిడ్ వచ్చింది. ఆ తొలి రోజుల్లో చాలా ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి. ఊరి వార్త చదువుదామంటే వరుసగా డబ్బాలే! ఓపెరా మినీ బ్రౌజర్‌లో ఒక సెట్టింగు మారిస్తే అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపేది. అలా చదువుకునేవాళ్లం. కానీ మెసేజ్‌లకు, మిగతా యాప్‌లకు అది పనికిరాదు.

కారణం చిన్నదే. ఫోనులో తెలుగు ఫాంట్ లేదు. మరి వేసుకోవచ్చు కదా? ఫాంట్లు ఉండే చోటు తాళం వేసిన సిస్టమ్ గదిలో. రూట్ అధికారం లేనిదే అక్కడ ఒక్క ఫైలు కూడా పెట్టలేం. అందుకే తెలుగు చదవాలన్న కోరికతోనే ఫోన్ రూట్ చేసుకున్నవాళ్లున్నారు. అంత కష్టపడ్డా ముచ్చట సగమే తీరేది. అక్షరం వచ్చినా ఒత్తు కిందికి దిగేది కాదు, గుణింతం పక్కకు జారేది. అక్షరాలను కలిపి గీసే పరిజ్ఞానం సిస్టమ్‌లోనే లేదు మరి.

2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1తో తెలుగు, కన్నడ, మలయాళం అక్షరాలను సిస్టమే చూపడం మొదలైంది. అక్షరం కోసం తాళం తీయాల్సిన అవసరం ఆ తర్వాత కొత్త ఫోన్లతో క్రమంగా పోయింది.

తెలుగు అక్షరాలు గీయడం ఎంత చిక్కు పనో 2018లో లోకమంతా చూసింది. ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో వస్తే చాలు, ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లు కుప్పకూలేవి. ఆ ఫిబ్రవరిలో యాపిల్ ప్రత్యేకంగా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. అది తాళం తీసే లోపం కాదు. కానీ ఒక్క అక్షరం ఎంత పని చేయగలదో చూపింది.

అదే చిల్లు.. దొంగకూ

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గోడకు చిల్లు పెట్టింది యజమానే కావచ్చు. కానీ ఇది యజమాని పెట్టిన చిల్లు, మనం దూరకూడదు అని దొంగ అనుకోడు.

2009 నవంబరులో ఆస్ట్రేలియాలో కొన్ని ఐఫోన్ల తెర మీద ఉన్నట్టుండి ఓ పాత పాప్ గాయకుడి బొమ్మ ప్రత్యక్షమైంది. అవన్నీ జైల్‌బ్రేక్ చేసినవే. దూరం నుంచి ఫోనులోకి వెళ్లే ఒక ప్రోగ్రాం వేసుకుని, దాని పాస్‌వర్డ్ మార్చడం మరిచిపోయారు. ‘ఆల్పైన్’ అన్న ఆ పాస్‌వర్డ్ ప్రపంచంలోని అన్ని ఐఫోన్లకూ ఒక్కటే! అది ఓ కుర్రాడి ఆకతాయి పని. కొద్దిరోజులకే అదే దారిలో నెదర్లాండ్స్‌లో బ్యాంకు ఖాతాదారులకు గురిపెట్టిన మరో వైరస్ వచ్చింది. అది ఆకతాయి పని కాదు.

2011 మార్చిలో గూగుల్ తన యాప్‌ల దుకాణం నుంచి 50కి పైగా యాప్‌లను తొలగించింది. వాటిలో ‘డ్రాయిడ్‌డ్రీమ్’ అనే దొంగ ప్రోగ్రాం దాగి ఉంది. అది ఫోనును స్వాధీనం చేసుకోవడానికి వాడిన కిటుకుల్లో పైన చెప్పిన వాచ్‌మన్ కిటుకూ ఒకటి. సరదాగా రూట్ చేసుకోవడానికి జనం వాడిందే, దొంగ చడీచప్పుడు లేకుండా వాడుకున్నాడు. 2015లో ‘కీరైడర్’ అనే ప్రోగ్రాం జైల్‌బ్రేక్ చేసిన ఐఫోన్ల నుంచి 2,25,000కు పైగా యాపిల్ ఖాతాల వివరాలు కొట్టేసింది.

ఉచితం పోయి కోట్లు వచ్చె

అప్పట్లో ఇలాంటి లోపం దొరికితే కుర్రాళ్లు పేరు కోసం ఉచితంగా పంచేవారు. ఇప్పుడలా పంచేవారు అరుదు. ఎందుకంటే ధర పలుకుతోంది. 2015లో జెరోడియం అనే సంస్థ ఐఫోన్ తాళం దూరం నుంచి తీసే కిటుకుకు 10 లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించింది. లోపం చెప్పినవారికి యాపిల్ ఇచ్చే గరిష్ఠ బహుమతి 2019లో 10 లక్షల డాలర్లు. 2025లో దాన్ని 20 లక్షలు చేశారు.

ఇంత సొమ్ము పెట్టి కొనేదెవరు? ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్ఎస్ఓ సంస్థ ‘పెగాసస్’ పేరు మన దగ్గరా మార్మోగింది. 2016లో అది తొలిసారి దొరికినప్పుడు తేలిందేమిటంటే.. ఒక లింకు నొక్కితే యజమానికి తెలియకుండానే ఐఫోన్ జైల్‌బ్రేక్ అవుతుంది. 2021లో దొరికిన రకానికి లింకు నొక్కాల్సిన పని కూడా లేదు. సరదాగా మొదలైన విద్య నిఘా ఆయుధమైంది.

బ్యాంకు యాప్ ఎలా పసిగడుతుంది?

మళ్లీ మన కౌంటరు దగ్గరికి వద్దాం. బ్యాంకు యాప్‌కు ఎలా తెలిసింది? యాప్ తెరవగానే గూగుల్ సేవను అడుగుతుంది. ‘ఈ ఫోను కంపెనీ పంపినట్టే ఉందా?’ అని. ఫోను చిప్‌లో భద్రంగా ఉన్న రహస్య సంకేతంతో జవాబు తయారవుతుంది. బూట్‌లోడర్ తాళం తీసి ఉంటే ఆ జవాబులోనే తెలిసిపోతుంది. దీన్ని కప్పిపుచ్చే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. 2016లో వచ్చిన ‘మాజిస్క్’ అందులో పేరున్నది. పిల్లీ ఎలుకా ఆట నడుస్తూనే ఉంది.

బ్యాంకుకు అంత పట్టుదల ఎందుకంటారా? రూట్ అయిన ఫోనులో గదుల మధ్య గోడలను నమ్మడానికి లేదు. రూట్ అధికారం దొరికిన మరో యాప్ మీ పిన్ను చూడగలదు, ఓటీపీ చదవగలదు. డబ్బు పోయాక గొడవ పడేకంటే ముందే తలుపు మూయడం మేలని బ్యాంకుల లెక్క.

తప్పంతా తాళం తీసినవాడిదేనా?

కాదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు మీద హక్కు ఎవరిది? అవసరం లేని యాప్‌లు కంపెనీయే నింపి, తీసేయడానికి వీల్లేకుండా చేస్తే? నాలుగేళ్లకే అప్‌డేట్లు ఆపేసి, బాగున్న ఫోనును మూలన పెట్టమంటే? అలాంటి ఫోన్లకు సయనోజెన్‌మాడ్, దాని వారసుడు లినేజ్ఓఎస్ వంటివి కొత్త ఆయుష్షు పోశాయి. అమెరికాలో 2010లో సొంత ఫోను జైల్‌బ్రేక్ చేసుకోవడం కాపీరైటు చట్టం కింద తప్పు కాదని మినహాయింపు ఇచ్చారు.

తెలిసి, సొంత ఫోనులో, బ్యాంకు లావాదేవీలు లేని పాత ఫోనులో చేసుకుంటే అది ఒక చదువు. తెలియనివాడికి అలాంటి ఫోను అంటగడితే అది మోసం. ఇక ఐఎంఈఐ నంబరు మార్చడం నేరం. టెలికమ్యూనికేషన్ల చట్టం-2023 ప్రకారం మూడేళ్ల దాకా జైలు, రూ.50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఇతరుల ఫోనులో అనుమతి లేకుండా చొరబడితే ఐటీ చట్టం ఉండనే ఉంది.

ఇంకో మాట. మామూలు దొంగకు ఇప్పుడు రూటింగ్ కూడా అక్కర్లేదు. ‘ట్రాఫిక్ చలానా’, ‘పీఎం కిసాన్’, ‘పెళ్లి పత్రిక’ అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపుతున్నాడు. ఫోను వద్దని హెచ్చరించినా మనమే ‘అనుమతించు’ నొక్కుతున్నాం. మెసేజ్‌లు చదివే అధికారమూ మనమే ఇస్తున్నాం. తాళం మనమే తీసి, తలుపు మనమే పట్టుకుంటున్నాం.

పాత ఫోను కొంటున్నారా? ఇవి చూడండి

* ఫోను ఆపి మళ్లీ ఆన్ చేయించండి. బూట్‌లోడర్ తాళం తీసి ఉందని మొదట్లో హెచ్చరిక కనిపిస్తే ఆలోచించండి.
* ప్లేస్టోర్ సెట్టింగుల్లో ‘అబౌట్’ లోకి వెళ్లి ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ ఉందో లేదో చూడండి.
* మాజిస్క్, సూపర్ఎస్‌యూ, ఐఫోన్‌లో అయితే సిడియా, సిలియో వంటి యాప్‌లు కనిపిస్తే తాళం తీసినట్టే.
* *#06# నొక్కితే ఐఎంఈఐ నంబరు వస్తుంది. ఇంగ్లిషులో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరు చేర్చి 14422కు ఎస్ఎంఎస్ చేయండి. ఫోను వివరాలు వస్తాయి. బ్లాక్ చేసిన ఫోనైతే తెలిసిపోతుంది.
* బిల్లు లేకుండా కొనొద్దు. కొన్నాక మొత్తం చెరిపేసి, కొత్తగా మొదలుపెట్టాకే బ్యాంకు యాప్ వేసుకోండి.
* డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మేలు.

మరి కౌంటరు దగ్గర నిలబడ్డ తమ్ముడి సంగతి? దారి ఉంది. ఫొటోలు, నంబర్లు వేరే చోట దాచుకుని, ముందు కంపెనీ అసలు సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలి. ఆ తర్వాతే బూట్‌లోడర్‌కు తాళం వేయాలి. వరస తప్పితే ఫోను ఇటుకరాయి అయిపోతుంది. చాలా ఫోన్లు ఇలా దారికొస్తాయి. కొన్ని రావు. శామ్‌సంగ్ ఫోన్లలో నాక్స్ అనే ఫ్యూజు ఉంటుంది. సొంత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే అది ఒకసారే కాలిపోతుంది, మళ్లీ అతకదు.

నాలుగు వేలు మిగిలాయని మురిసి కొన్న ఫోను.. నెల జీతాన్ని దాని చేతిలో పెట్టేముందు ఒక్క నిమిషం తాళం చూసుకోవడం మేలు కదా!